పనికి ఏ బ్రౌజరు? ‘గూగులండీ’ అంటే చాలదు

‘‘పనికి ఏ బ్రౌజరు వాడతావు?’’

2013లో కాకినాడలోని ఓ ట్యాక్స్ ప్రాక్టీషనర్ ఆఫీసులో నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న ఇది. అప్పటిదాకా బాగానే నడిచింది. డిగ్రీ మార్కులు చూశారు, ట్యాలీ వచ్చా అన్నారు, టైపింగ్ స్పీడు అడిగారు. అన్నిటికీ టకటకా చెప్పాను. దీనికి మాత్రం ‘‘గూగులండీ’’ అన్నాను. ఆయన నవ్వి, ‘‘గూగుల్ వెబ్‌సైటు కదా బాబూ. దాన్ని దేంట్లో తెరుస్తావు?’’ అన్నారు. నీలం రంగు ‘ఇ’ అక్షరం బొమ్మ కళ్లముందు ఆడింది గానీ పేరు నోటికి రాలేదు.

ఉద్యోగమైతే ఇచ్చారు. కానీ తిరిగి పిఠాపురం వచ్చే బస్సులో దారి పొడవునా ఆ నవ్వే గుర్తొచ్చింది. తెలుగు మాటలన్నిటికీ అర్థాలు కూర్చి సూర్యరాయాంధ్ర నిఘంటువు వేయించిన రాజావారి ఊరు మాది. ఆ ఊరివాణ్ని అయ్యుండి, రోజూ వాడే వస్తువు పేరు తెలియకుండా ఇంటర్వ్యూకి వెళ్లాను!

ఇప్పుడు మా ఊరి పిల్లల్ని నేనూ ఇదే ప్రశ్న అడుగుతుంటాను. బీటెక్ చేసినవాళ్లు, బీకాం చేసినవాళ్లు, ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకు పనిచేస్తున్నవాళ్లు. ‘గూగుల్’ అనేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు. మిగతావాళ్లు ‘క్రోమ్’ అంటారు. ఎందుకు అంటే మాత్రం అందరిదీ ఒకటే మాట: ‘‘అందరూ అదే కదండీ!’’ ఈ జవాబు మీదే నాకు అభ్యంతరం. క్రోమ్ మీద కాదు, ‘అందరూ అదే’ అన్నదాని మీద.

ఒక్కసారి ఆలోచించండి. మీ జీఎస్టీ రిటర్న్ నడిచేది బ్రౌజర్లో. మీ మెయిల్, మీ బ్యాంకు, మీ ఎక్సెల్ షీటు, క్లయింటుతో వీడియో కాల్, చివరికి మీ జీతం స్లిప్పు కూడా అందులోనే. ఇదివరకు ఆఫీసు అంటే బల్ల, బీరువా, తాళంచెవి. ఇప్పుడు ఆ మూడూ కలిపి బ్రౌజరే. బీరువా కొనేటప్పుడు తాళం తిప్పి చూస్తాం. బ్రౌజరు విషయానికొచ్చేసరికి, కంప్యూటర్‌తో వచ్చిందే వాడేస్తాం. ఇది మారాలంటాను.

పేరు కాదు, ఇంజిన్ చూడండి

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకుందాం. గూగుల్ సెర్చ్ అనేది ఒక వెబ్‌సైటు, వెతికిపెట్టే యంత్రం. దాన్నీ, మిగతా వెబ్‌సైట్లనూ తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్ బ్రౌజరు. తెలుగులోకి సాఫ్ట్‌వేర్లు తెచ్చినవాళ్లు దీనికి ‘విహారిణి’ అని చక్కటి పేరు కూడా పెట్టారు.

బ్రౌజర్ల పేర్లు బోలెడు. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డీ, ఫైర్‌ఫాక్స్, సఫారీ. కానీ పేజీని గీసి చూపించే లోపలి ఇంజిన్లు లెక్కపెడితే ముఖ్యమైనవి మూడే. 2008 సెప్టెంబరులో గూగుల్ క్రోమ్ విడుదల చేసింది. ఆ పనిని ముందుండి నడిపించినవారిలో సుందర్ పిచాయ్ ఒకరు. 2013లో ఆ సంస్థ ‘బ్లింక్’ అనే సొంత ఇంజిన్‌కు మారింది. ఒపేరా కూడా అదే దారి పట్టింది. మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థే 2020 జనవరిలో తన ఎడ్జ్‌ను అదే పునాది మీద తిరిగి కట్టి విడుదల చేసింది. బ్రేవ్, వివాల్డీలదీ ఆ పునాదే. అంటే ఈ అయిదూ వేర్వేరు రంగులేసిన ఒకే కంపెనీ బళ్లలాంటివి. వేరే ఇంజిన్ ఉన్నవి రెండు: మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్‌లో ‘గెకో’, యాపిల్ వారి సఫారీలో ‘వెబ్‌కిట్’. మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే.

ఇది తెలిస్తే నాకేంటి ఉపయోగం అంటారా? చాలా ఉంది. క్రోమ్‌లో ఓ పోర్టల్ తెరుచుకోకపోతే బ్రేవ్‌లో ప్రయత్నించడం వల్ల ఒక్కోసారి లాభం ఉండదు, లోపల సరుకు ఒకటే కనుక. ఫైర్‌ఫాక్స్‌లో ప్రయత్నిస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ‘సైటు పనిచేయడం లేదండీ’ అనే ఉద్యోగికీ, ‘సైటు ఫలానా బ్రౌజర్లో పనిచేయడం లేదు, ఫలానాదాంట్లో చేస్తోంది, ఇదిగో స్క్రీన్‌షాట్’ అనే ఉద్యోగికీ మేనేజరు ఇచ్చే విలువలో తేడా ఉంటుంది. రెండోవాడి మాట మీద సాంకేతిక బృందం వెంటనే పని మొదలుపెట్టగలదు.

ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమైంది?

ఇదివరకూ ‘అందరూ అదే’ అన్న రోజులున్నాయి. అప్పుడు ‘అదే’ అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. మన తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే తెలుగు కనిపించేది, వేరేదాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు. నాగార్జున వెన్న అనే తెలుగాయన ‘పద్మ’ అనే చిన్న ఎక్స్‌టెన్షన్ తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని వేసుకుంటే ఆ గీతలు యూనికోడ్ తెలుగుగా మారిపోయేవి. ఆ తర్వాత సైట్లే యూనికోడ్‌కు మారాయి. ఈరోజు మీరు ఏ బ్రౌజర్లోనైనా తెలుగు చదవగలుగుతున్నారంటే ఆ ‘ఒక్కటే’ అనే కట్టు తెగడం వల్లే.

సర్కారీ పోర్టళ్లదీ ఇదే కథ. డిజిటల్ సంతకం పెట్టాలంటే చాలాచోట్ల బ్రౌజర్లో జావా ప్లగిన్ ఉండాల్సిందే. 2015 సెప్టెంబరులో క్రోమ్ 45వ వెర్షన్‌తో ఆ రకం ప్లగిన్లకు పూర్తిగా తలుపు మూసింది. భద్రతా కారణాలతో చేసిన పని అది, తప్పు పట్టలేం. కానీ మా ఆఫీసులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. బ్రౌజరు తనంతట తనే అప్‌డేట్ అయిపోయింది. ఓ ఫైలింగుకు అదే ఆఖరి రోజు. సాయంత్రం ఆరింటికి సంతకం బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. టోకెన్ తీసి మళ్లీ పెట్టాం, కంప్యూటర్ ఆపి వేశాం, నెట్ వాళ్లను తిట్టుకున్నాం. తొమ్మిదిన్నరకు మా సీనియర్ ఫోన్లో, ‘‘ఒరేయ్, అందులో కాదు, పాతదాంట్లో తెరిచి చూడండ్రా’’ అన్నారు. తెరిచాం. అప్పటికి పోర్టల్ మీద రద్దీ పెరిగి పేజీయే కదలలేదు. గడువు దాటింది. ఆలస్య రుసుం కట్టింది కొబ్బరి వ్యాపారం చేసుకునే ఓ పెద్దాయన. ఆయన ఒక్క మాట అనలేదు. ‘‘మీ చేతిలో పెడితే అయిపోతుంది అనుకున్నానండీ’’ అన్నారంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో చెల్లుచీటీ. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ సాగనంపింది. అది తప్ప మరోటి తెలియనివాళ్లు ఒక్కసారిగా కొత్తవాళ్లయిపోయారు. పాత సైట్లు తప్పనిసరిగా వాడాల్సినవాళ్ల కోసం ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ ఉంది. కనీసం 2029 దాకా దాన్ని కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. ట్యాక్సు ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో పనిచేయాలనుకునేవాళ్లు ఈ ఒక్క సదుపాయం ఎక్కడుందో తెలుసుకుని ఉంచుకుంటే ఆఫీసులో మీరే పెద్ద దిక్కవుతారు.

అసలు ప్రమాదం వేగంలో లేదు

బ్రౌజరు అనగానే యూట్యూబ్‌లో ‘ఏది ఫాస్ట్’ అని పోటీలు పెడుతుంటారు. నా మాట వినండి, ఉద్యోగానికి వేగం మూడో నాలుగో విషయం. అందులోనూ తేడాలు కంటికి కనిపించేంత ఉండవు. మీ పనిని, పేరును దెబ్బకొట్టేది మరొకటి ఉంది. సొంత బతుకూ ఆఫీసు బతుకూ ఒకే కిటికీలో కలిసిపోవడం.

మా పిన్ని కూతురి సంగతి చెబుతాను. ఉద్యోగాల నోటిఫికేషన్ల కాలంలో పిఠాపురంలో నెట్ సెంటర్ల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. తనూ అలాగే హాల్‌టికెట్ ప్రింటుకు వెళ్లింది. మెయిల్ తెరవడానికి క్రోమ్‌లో లాగిన్ అయింది. ‘సింక్ ఆన్ చేయమంటారా’ అని అడిగితే తొందరలో ‘ఎస్’ నొక్కింది. ప్రింటు తీసుకుని, ట్యాబ్ మూసేసి వచ్చేసింది. ట్యాబ్ మూస్తే లాగౌట్ అయినట్టే అనుకుంది. కాలేదు. మెయిలూ, ఫోన్లో దాచుకున్న పాస్‌వర్డులూ ఆ సెంటర్ కంప్యూటర్లో అలాగే ఉండిపోయాయి.

నెల తర్వాత ఎవరో ఆకతాయి పాస్‌వర్డ్ మార్చాడు. ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో వదిలేసిన పాత సిమ్ముది. తిరిగి తెచ్చుకోవడానికి ఓటీపీ వచ్చే దారి లేదు. పదిహేను రోజులు తంటాలు పడ్డాక ఖాతా చేతికొచ్చింది. తెరిచి చూస్తే ఓ ప్రైవేటు కంపెనీ నుంచి వచ్చిన కాల్‌లెటర్. ఇంటర్వ్యూ తేదీ అంతకుముందు వారంతో అయిపోయింది. దొంగతనం జరిగినట్టు కూడా ఎవరూ అనుకోరు. ‘మెయిల్ చూసుకోలేదేమిటమ్మా’ అంటారు. ఇంట్లోనూ అదే అన్నారు.

తను తెలివితక్కువది కాదు. తనకు ఎవరూ చెప్పలేదు, అంతే. కాబట్టి మీకు చెబుతున్నాను. నెట్ సెంటర్లో, కాలేజీ ల్యాబులో, స్నేహితుడి ల్యాప్‌టాప్ మీద ఎప్పుడూ ‘గెస్ట్’ విండోలోనే తెరవండి. క్రోమ్, ఎడ్జ్ రెండింటిలోనూ పైన ఉండే ప్రొఫైల్ బొమ్మ నొక్కితే కనిపిస్తుంది. ఆ విండోలన్నీ మూయగానే మీ ఆనవాళ్లు ఆ బ్రౌజర్లో మిగలవు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం ఆ కంప్యూటర్లోనే ఉంటుంది, అది మీరే తీసేయాలి. ఇప్పటికే ఎక్కడైనా లాగిన్ అయి వదిలేశామని అనుమానం ఉంటే, మీ గూగుల్ ఖాతాలో ‘సెక్యూరిటీ’ కింద ‘యువర్ డివైసెస్’ తెరిచి చూడండి. తెలియని కంప్యూటర్లు కనిపిస్తే ఇక్కడి నుంచే సైన్ అవుట్ చేయొచ్చు. పాత సిమ్ నంబరు ఉంటే ఇవాళే మార్చండి.

మరి నేను చెప్పేదేమిటి?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పని చేసుకునేవాళ్లకు ఒక బ్రౌజరు చాలదు, మూడు నాలుగు అక్కర్లేదు. రెండు కావాలి. ఆ రెండూ వేర్వేరు ఇంజిన్లవి అయ్యుండాలి. ఒకటి పూర్తిగా పనికి, మరొకటి సొంతానికీ సరిచూసుకోవడానికీ.

పనికి క్రోమో ఎడ్జో పెట్టుకోండి. మన పోర్టళ్లు, కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ముందు వీటిలోనే సరిచూస్తారు. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, వాస్తవం. ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఖాతా ఇస్తే ఎడ్జ్, గూగుల్ వర్క్‌స్పేస్ ఇస్తే క్రోమ్ సుఖం. రెండోదిగా ఫైర్‌ఫాక్స్ పెట్టుకోండి. 2004 నవంబరులో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచి అది లాభాపేక్ష లేని ఫౌండేషన్ నీడలో నడుస్తోంది. తెలుగు మెనూలతోనూ దొరుకుతుంది. అందరూ ఒకే ఇంజిన్ మీద ఆధారపడిన రోజుల్లో వేరే ఇంజిన్‌ను బతికించుకోవడం మన చేతిలో ఉన్న చిన్న పని అని కూడా నేను అనుకుంటాను.

ఇక మీ పనిని బట్టి కొన్ని మార్పులు.

అకౌంట్లు, ట్యాక్సు పని చేసేవాళ్లు: ఆఖరి తేదీకి వారం ముందే సంతకం టోకెన్ పెట్టి, మీరు వాడే బ్రౌజర్లో లాగిన్ అయి చూసుకోండి. జీఎస్టీ పోర్టల్లో కంపెనీలకు డిజిటల్ సంతకం తప్పదు, దానికి ఎమ్‌సైనర్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో నడుస్తూ ఉండాలి. బ్రౌజరు మారినా, అప్‌డేట్ అయినా ముందు ఇది చూడండి. ఒక్కో క్లయింటు పని అయ్యాక లాగౌట్ కావడం మరవొద్దు. ఒక క్లయింటు పాస్‌వర్డ్ బ్రౌజర్లో దాచి, ఇంకొకరి నంబరు కింద అదే తనంతట తనే నిండిపోయి తికమకపడిన ఆఫీసులు నాకు తెలుసు.

వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు: మీకు రెండు కూడా చాలవు. బ్లింక్, గెకో, వెబ్‌కిట్... మూడింట్లోనూ మీ పేజీ చూడాల్సిందే. ఉప్పాడ జాందానీ చీర సంగతి మన పక్క ఊరి మాటే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. 2009లో భౌగోళిక గుర్తింపు దక్కిన నేత అది. దాని గొప్పతనం ఏమిటంటే చీరను ఎటు తిప్పినా అల్లిక శుభ్రంగానే ఉంటుంది. ఆ చీరలు అమ్మే సైటు మీరు చేశారనుకోండి. మీ ల్యాప్‌టాప్ క్రోమ్‌లో ధగధగలాడి, బెంగళూరులో కొనే ఆవిడ ఐఫోన్లో ‘కొనండి’ బటన్ కనిపించకపోతే చీర మగ్గం మీదే ఉన్నట్టు లెక్క. ఆ ఒక్క బటన్ వెనుక ఉప్పాడ రోడ్డులో ఓ కుటుంబం పడిన రోజుల తరబడి శ్రమ ఉంది.

తెలుగు రాతపని, అనువాదం, సోషల్ మీడియా చూసేవాళ్లు: పోస్టు పెట్టేముందు రెండో బ్రౌజర్లోనూ, ఫోన్లోనూ తెరిచి చూడండి. ఒత్తులు పక్కకు జరగడం, పై వరుస అక్షరాలు కింది వరుసను గుద్దుకోవడం లాంటివి ఫాంటునూ బ్రౌజరునూ బట్టి మారుతుంటాయి. తప్పు ఎవరిదైనా పాఠకుడు మాత్రం ‘వీళ్లకు తెలుగు రాదు’ అంటాడు.

పాత కంప్యూటర్ తప్ప గతి లేనివాళ్లు: విండోస్ 7 మీద క్రోమ్ 109వ వెర్షన్‌తో, అంటే 2023 మొదట్లోనే ఆగిపోయింది. దాని తర్వాత కనిపెట్టిన లోపాలకు మందు రాదు. ఫైర్‌ఫాక్స్ మాత్రం 115 ఈఎస్ఆర్ అనే ప్రత్యేక వెర్షన్‌కు పాత విండోస్ మీద భద్రతా అప్‌డేట్లను పొడిగిస్తూ వచ్చింది. కొత్తది కొనుక్కునేదాకా అది కొంత నయం. అలాగని దానిమీద బ్యాంకు పనులు పెట్టుకోవద్దు.

ప్రొఫైల్ అనే గోడ

రెండు బ్రౌజర్ల కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఒక్క బ్రౌజర్లోనే పనికి ఒక ప్రొఫైల్, ఇంటికి ఒక ప్రొఫైల్ విడిగా పెట్టుకోవచ్చు. దేని బుక్‌మార్కులు దానివి, దేని పాస్‌వర్డులు దానివి, దేని లాగిన్లు దానివి. రంగులు కూడా వేరుగా పెట్టుకోవచ్చు. పని కిటికీకి నీలం, ఇంటి కిటికీకి ఆకుపచ్చ అనుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో ‘కంటైనర్లు’ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒకే కిటికీలో ట్యాబులనూ ఇలా విడదీయొచ్చు.

ఇదెందుకంటే, ఉద్యోగంలో స్క్రీన్ షేర్ చేయని రోజు ఉండదు. క్లయింటుకు షీటు చూపిస్తూ పైన అడ్రస్ గడిలో ఒక్క అక్షరం కొడతారు. మీరు రాత్రి ఏం చూశారో, వేరే ఏ కంపెనీకి దరఖాస్తు పెట్టారో కింద వరసగా దిగిపోతాయి. చూసినవాళ్లు పైకి ఏమీ అనరు, గుర్తుపెట్టుకుంటారు. ఆఫీసు ఫైలు సొంత డ్రైవ్‌లోకి పోవడం, సొంత మెయిల్ నుంచి క్లయింటుకు జవాబు వెళ్లడం లాంటి పొరపాట్లూ ఇక్కడే పుడతాయి. ఉద్యోగం మానేసిన రోజున చిక్కులూ అంతే. గోడ కట్టుకుని ఉంటే ఒక ప్రొఫైల్ తీసేస్తే చాలు, ఆఫీసు మొత్తం వెళ్లిపోతుంది, మీ ఫొటోలు మీకుంటాయి.

‘ఇన్‌కాగ్నిటో ఉంది కదా’ అంటారు కొందరు. అది మీ కంప్యూటర్లో చరిత్ర దాచకుండా ఉంటుంది, అంతే. ఆఫీసు నెట్‌వర్కు వాళ్లకు, మీరు తెరిచిన సైటుకు మీరు కనిపించకుండా పోరు. దీని మీదే అమెరికాలో గూగుల్ మీద దావా పడి, 2024లో రాజీకొచ్చింది. దాచుకున్న పాత సమాచారాన్ని తొలగించడానికి ఆ సంస్థ ఒప్పుకుంది. నల్ల కిటికీ తెరిచి నిశ్చింతగా ఉండే అలవాటు మానుకోవాలి.

ఎక్స్‌టెన్షన్లు: అతిథులెవరో తెలుసా?

స్క్రీన్‌షాట్‌కు ఒకటి, పీడీఎఫ్‌కు ఒకటి, గ్రామర్‌కు ఒకటి, కూపన్లకు ఒకటి. మన పిల్లల బ్రౌజర్లు చూస్తే పెళ్లింటిలా కళకళలాడుతుంటాయి. వేసుకునేటప్పుడు ‘మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్నీ చదవగలదు, మార్చగలదు’ అని ఓ వాక్యం వస్తుంది. చదవకుండా ‘యాడ్’ నొక్కుతాం. ఆ వాక్యం నిజమే చెబుతోంది. మీ క్లయింటు లెక్కలూ ‘అన్ని సైట్ల’లో భాగమే.

‘ది గ్రేట్ సస్పెండర్’ అని ఒకటుండేది. వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. లక్షలమంది నమ్మి వాడారు. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకు అప్పగించారు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికర కోడ్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. వాడినవాళ్ల తప్పేమీ లేదు, ఇల్లు చేతులు మారిందని వాళ్లకు తెలియదు. 2024 డిసెంబరులో సైబర్‌హేవెన్ అనే భద్రతా కంపెనీ ఎక్స్‌టెన్షనే దొంగల చేతిలో పడింది. ఉద్యోగి ఒకరు మోసపు మెయిల్‌కు చిక్కడంతో అంతా జరిగింది. భద్రత అమ్మేవాళ్లకే ఈ గతి పడితే మన సంగతేంటి?

పని ప్రొఫైల్లో రెండు మూడు మించి ఉంచొద్దు. ఆఫీసు పెట్టమన్నవి సరే. ట్యాబులు నిద్రపుచ్చే పని ఇప్పుడు క్రోమ్, ఎడ్జ్‌లు సొంతంగానే చేస్తున్నాయి, దానికి బయటివాళ్లు అక్కర్లేదు. నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో ఆ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

‘మనవి ఉన్నాయి కదా’ అంటే

దేశీ బ్రౌజర్ల మాట కూడా వస్తుంది. జోహో 2023లో ‘ఉలా’ తెచ్చింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం భారతీయ బ్రౌజరు కోసం పోటీ పెట్టింది. 2025 మార్చిలో ఫలితాలొస్తే మొదటి బహుమతి, కోటి రూపాయలు, జోహోకే వచ్చాయి. సంతోషించాల్సిన విషయమే. పని, ఇల్లు వేర్వేరుగా ఉంచే పద్ధతి ఉలాలో మొదటి నుంచీ ఉంది. అయితే దాని పునాది కూడా గూగుల్ వేసిన క్రోమియమే అని తెలిసి వాడండి. మన జెండా చూసి కాదు, మన పనికి పనికొస్తుందా అని చూసి ఎంచుకోవాలి. 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో యూసీ బ్రౌజరూ ఉంది. అప్పటిదాకా అదే తప్ప మరోటి వాడనివాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉండేవారో గుర్తుచేసుకోండి.

2025లో ఏఐ బ్రౌజర్ల జాతర మొదలైంది. పెర్‌ప్లెక్సిటీ వారి ‘కామెట్’, ఓపెన్‌ఏఐ వారి ‘అట్లాస్’ వచ్చాయి. మీ బదులు అవే బటన్లు నొక్కి పని చేసిపెడతాయి. ఇంటి ప్రొఫైల్లో సరదాగా నేర్చుకోండి, నేర్చుకోవాలి కూడా. కానీ పేజీలో ఎవరో దాచిపెట్టిన ఆదేశాలను యజమాని మాట అనుకుని అవి పాటించే ప్రమాదాన్ని పరిశోధకులు చూపించారు. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా ఆఫీసు లాగిన్లు వాటి చేతిలో పెట్టొద్దు.

‘‘ఆఫీసు వాళ్లు ఏదిస్తే అదే వాడాలి కదండీ, మనం ఎంచుకునేదేముంది?’’ అని అడుగుతారు. నిజమే, చాలా కంపెనీల్లో బ్రౌజరు వాళ్లదే. కానీ ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ఫ్రీలాన్సర్లు, సొంతంగా దుకాణం తెరిచేవాళ్లు, పిఠాపురం లాంటి ఊళ్లలో చిన్న ఆఫీసుల్లో చేరేవాళ్లు... వీళ్లకు ఐటీ విభాగం ఉండదు. వీళ్లే ఐటీ విభాగం. ఎంపిక వీళ్ల చేతుల్లోనే ఉంది, తప్పు జరిగితే మాటా వీళ్లకే వస్తుంది.

ఈ ఆదివారం ఒక గంట

పెద్ద పనేమీ కాదు. మెనూలో ‘అబౌట్’ తెరిచి బ్రౌజరు తాజాగా ఉందో లేదో చూడండి. క్రోమ్‌కు తరచూ కొత్త వెర్షన్ వస్తుంది, మధ్యలో భద్రతా మరమ్మతులూ వస్తుంటాయి. ‘రీలాంచ్’ బటన్ ఎర్రబడేదాకా ఆగకండి. పనికి విడి ప్రొఫైల్ తెరవండి. పేరు తెలియని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. రెండో బ్రౌజరుగా ఫైర్‌ఫాక్స్ దాని సొంత సైటు నుంచే దించుకోండి. మెయిల్‌కు రెండంచెల రక్షణ పెట్టి, ఫోన్ నంబరు ఇప్పటిదేనా అని చూసుకోండి. మీ ఇంట్లో నోటిఫికేషన్లకు అప్లయి చేసే తమ్ముడో చెల్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

ఆ తర్వాత ఎప్పుడైనా ఇంటర్వ్యూలో ‘పనికి ఏ బ్రౌజరు’ అని అడిగితే మీ జవాబు ఇలా ఉంటుంది: ‘‘క్రోమ్ వాడతానండీ, పనికి విడిగా ప్రొఫైల్ ఉంది. ఏదైనా తెరుచుకోకపోతే ఫైర్‌ఫాక్స్‌లో సరిచూస్తాను, అది వేరే ఇంజిన్ కాబట్టి.’’ మూడు ముక్కలు. ఎదుటి మనిషి నవ్వడు. తర్వాతి ప్రశ్న జీతం గురించి అడుగుతాడు.